మిగిలిన మరమేకు

గుణుపురం బస్టాండు వెనక ఒక బోర్డు ఉండేది,
పైన ఒడియా, కింద తెలుగు,
రెండూ గుండ్రమే,
దూరం నుంచి ఒకే చేత్తో వొత్తిన జంతికల్లా కనిపించేవి.
దాని కింద బిసోయి మాస్టారి టైలరు షాపు.
చూరు నీడలో గుండీలు కుట్టేవాళ్ళం ఇద్దరం,
నేనూ, దాలమ్మా.

నూరు గుండీలకి రూపాయి పావలా.
గుండీకి నాలుగు కన్నాలు, కన్నానికి రెండు పోట్లు.
నేను లెక్క తప్పేవాణ్ణి కాదు.
దాలమ్మ తప్పేది.
చేతిలో సూదిని వదిలేసి
మాస్టారి మిషను సూదినే చూస్తూ కూచునేది.

"ఒరే, మన సూదికి బెజ్జం నెత్తిమీదుంది.
మిషను సూదికి మూతిమీదుందేటి?"
అదలాగే ఉంటుంది, అన్నాను.
"పైదారం సరే. కిందదారం పైకెలాగొస్తాది?
దాన్నెవులు పిలుస్తారు?"
కుట్టవే గుంటా, కుట్టు, అన్నారు మాస్టారు.

జవాబు రాని ప్రశ్న నాకు చల్లారిన టీ,
పక్కన పెట్టేస్తాను.
దానికి పంటిసందున ఇరుక్కున్న చెరుకుపీచు.
నాలుక ఊరుకోదు.

ఒక మంగళవారం షాపు సెలవు.
మాస్టారు కాశీనగరం పెళ్ళికి వెళ్ళారు,
తాళంచెవి నా దగ్గరుంది.
తీశాను.
ఎందుకు తీశానో, అది మాత్రం నన్నడక్కండి.

దాలమ్మ మిషను తొక్కలేదు.
చక్రం మీద అరచెయ్యి ఆనించి తిప్పింది,
నిద్రపోతున్న పిల్లని పక్కకి జరిపినంత నెమ్మదిగా.
పలక జరిపి, టార్చి నోట కరుచుకుని
సూది దిగడం చూసింది.
లేవడం చూసింది.
లేవబోతూ సూది వెంట్రుకవాసి తటపటాయిస్తుంది,
ఆ తటపటాయింపులో దారం ఉంగరంలా విచ్చుకుంటుంది,
కిందనుంచి కొక్కెం వచ్చి
ఆ ఉంగరంలో వేలు దూరుస్తుంది.
టార్చి జారి కిందపడింది.
"సూసేవా?"
నేను వీధివైపు చూస్తున్నాను,
ఎవరైనా వస్తారేమోనని.

అక్కడితో ఆగితే బాగుండేది.
మొత్తం విప్పేసింది.
తిరిగి బిగించేసరికి దీపాలవేళ అయింది,
బల్లమీద ఒక మరమేకు మిగిలిపోయింది,
నూకగింజంత.
బుధవారం మాస్టారు దాని చెంపమీద ఒకటిచ్చారు,
నా తాళంచెవి లాక్కున్నారు.
మిషను మాత్రం మునుపటికంటే మెత్తగా నడిచింది.
గురువారం మధ్యాహ్నం, ఎవరూ లేకుండా చూసి,
గొంతు తగ్గించి ఆయనే అడిగారు,
"కేమితి?"
ఎలాగ, అని.

లెక్కల్లో నేనే ముందు.
ధైర్యమంటారా, బల్లిని చూస్తే కేకలు పెట్టేది.
చూడకుండా ఉండలేకపోయింది, అంతే.

ఇప్పుడు ఒకరోజు గుడారి సంత, ఒకరోజు కాశీనగరం,
వంశధార ఎండితే నడిచి, పొంగితే చుట్టూ తిరిగి బస్సులో.
సంచిలో మూడు స్క్రూడ్రైవర్లు, కిరసనాయిలు సీసా,
పాత పళ్ళబ్రష్షు.
కొండఊళ్ళలో మిషను నొప్పి ఎక్కడో చెప్పించుకోడానికి
సవర మాటలు పట్టింది.
బరంపురం నుంచి కంప్యూటరు మిషను దిగితే
ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని
మూడు రాత్రులు బొమ్మలు చదివింది.
ఇల్లు కట్టింది. స్లాబు వేసింది.
బోర్డుమీద రెండు లిపుల్లో దాని పేరు.
చెయ్యి మంచిదంటారు జనం.
ఆ చేత్తో కుట్టిన గుండీలు
వారానికే ఊడిపోయేవని వాళ్ళకేం తెలుసు.

నేను బట్టలకొట్లో పద్దులు రాస్తాను.
ఇరవై ఆరేళ్ళలో కొట్టివేత ఒక్కటి లేదు.

మొన్న వానకి బస్సు ఆగిపోతే
దాని షాపులో కూచున్నాను.
వాజ్లీను డబ్బా మూత తీసి ముందు పెట్టింది.
అదే మరమేకు. నూనె రాసి దాచింది.
"ఎన్ని మిషన్లు విప్పేనో లెక్కలేదు.
ఇది దేన్లోనూ పట్టలేదురా.
మాస్టారి మిషనుది అవునో కాదో.
ఎక్కడిదంటావు?"

బస్సు హారను కొట్టింది.
అదలాగే ఉంటుంది, అనబోయాను.
టార్చి ఇలాగియ్యి, అన్నాను.