లెక్క తప్పిన చుట్లు

బిట్రగుంటలో పాత రైల్వే క్వార్టర్సు కూలగొడతా ఉంటే
టేకు తలుపొకటి కట్టెల లెక్కన తూకమేసి ఇచ్చాడు ఖాజా మొహిద్దీన్.
"ఎందుకన్నా, పొయ్యిలోకా?"
బేస్ గిటారుకని చెప్పలేక తలూపాను.
పొయ్యిలోకంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు.

కావలి ట్రంకురోడ్డు మీద నాది మోటారు వైండింగ్ షాపు.
బోరు మోటార్లు, ఫ్యాన్లు,
రొయ్యల గుంటల్లో రాత్రంతా నీళ్లు చిలికే ఏరియేటర్లు,
కాలిపోయినవన్నీ నా బల్లమీదికే వస్తాయి.
వార్నిష్ కంపు పోదని
సుగుణ నా చొక్కాలు విడిగా నానేస్తుంది.

ఇరవయ్యేళ్లప్పుడు, ఒక డిసెంబరు రాత్రి,
టిక్కెట్టు లేక రైల్వే ఇన్‌స్టిట్యూట్ ప్రహరీ బయటే నిలబడ్డాను.
పాట గోడ మీదుగా వచ్చింది.
ఇంకేదో నేల కిందుగా వచ్చింది.
చెవుల్లోకి కాదు, చెప్పుల్లోకి;
గూడ్సుబండి ఔటర్లో ఉండగానే
పట్టాకి తెలిసిపోయినట్టు.
ఎవరు వాయించారో చూళ్లేదు.
ఇప్పటికీ తెలీదు.

తలుపుకి చిత్రిక పడితే
ఆకుపచ్చ, దాని కింద బూడిద, దాని కింద గచ్చకాయ రంగు,
ఎన్ని ట్రాన్స్‌ఫర్లో అన్ని పూతలు.
అట్టడుగున టేకు, ఇంకా నూనె వాసనతో.
మాలకొండాచారి గోటితో కొట్టి, చెవి ఆనించి
"పలుకుద్ది" అన్నాడు.
నలభై ఏళ్లుగా ఆయన పనల్లా
తలుపులు కిర్రుమనకుండా చెయ్యడం.

నడుమ ఒక మేకు. రంపం పళ్లు మూడు రాలాయి.
పీకితే చెక్క చీలుతుందని అట్టనే వదిలేశాం.
ఏ గార్డు భార్యో క్యాలెండరు తగిలించిన మేకు.

మెడకి కిటికీ చట్రం. మెట్లు వెయ్యలేదు,
డబ్బులు తీగలకే అయిపోయాయి.
చెక్కంతా మున్నూట అరవై. నాలుగు తీగలు రెండువేల నాలుగొందలు.
సుగుణకి మొదటి అంకె మాత్రమే చెప్పాను.

పికప్ నేనే చుట్టాను.
అయస్కాంతం పగిలిన స్పీకరుది, తీగ వెంట్రుక కన్నా సన్నం.
కుట్టుమిషను మోటారుకి బిగించి, ఊపిరి బిగబట్టి
ఒకటీ, రెండూ, మూడూ...
ఏడువేలు చుట్టాలని.
ఎక్కడో దారి మధ్యలో షట్టరు దబదబ.
జువ్వలదిన్నె నుంచి పెంచలయ్య, బండిమీద మోటారు, తడిసిన లుంగీ.
"అన్నా, గాలందక రొయ్యలు పైకి తేలతుండాయి."

ఇక లెక్కేముంది.
తెల్లవారుజామున నాలుక్కి ఆ మోటారు తిరిగింది.
వచ్చి కూర్చుంటే అంకె పోయింది.
నాలుగువేల మూడొందలా? మూడువేల నాలుగొందలా?
విప్పే ఓపిక లేక, ఇక చాలనిపించేదాకా
కునుకుతూ చుట్టాను.

మైకుసెట్టు ఆంప్లిఫయర్‌కి కలిపితే ఒకటే మూలుగు.
సగం తాలూకా మోటార్ల మూలుగు మాన్పినవాణ్ణి,
నోరెళ్లబెట్టి కూర్చున్నాను.
"ఎర్తు ఏది నాన్నా?" అంది ప్రసన్న
పదో తరగతి పుస్తకంలోంచి తలెత్తకుండా.
వంతెన కింద నుంచి వైరొకటి లాగాను.
వేలానిస్తే మూలుగు ఆగుతుంది.
తీస్తే మళ్లీ మొదలు.

లావుతీగ మీటాను.
వంటింట్లో గిన్నెమీద మూత సన్నగా వణికింది.
సుగుణ స్టవ్వు ఆపి, కాళ్ల దగ్గర గచ్చుకేసి చూసి
"ఏదన్నా బండి పోతుందా?" అంది.
"ఈ టైములో ఏం లేవు" అన్నాను.

అల్లూరు చర్చిలో వాయించే ఇమ్మానియేలు
ఇంకోటి కావాలన్నాడు, అచ్చం ఇట్టాగే పలకాలంట.
తలుపు రెండో రెక్క అటక మీదుంది.
"ఎన్ని చుట్లన్నా?" అని అడిగి
ఫోన్లో రాసుకోడానికి వేలు సిద్ధంగా పెట్టుకున్నాడు.

రాసుకో అబ్బయ్యా:
నాలుగువేల చిల్లర,
ఒక రొయ్యల గుంట,
ఆపైన కొంచెం నిద్ర.