ముప్పై తొమ్మిది

ఐస్‌లాండ్‌కి ఉత్తరపు కొసన ఉంటుంది మా ఊరు.
ఈతకొలను పక్కన గుండ్రటి వేడినీళ్ల తొట్టి.
గంటకోసారి థర్మామీటర్ ముంచి
అంకె రాసుకోవడం నా ఉద్యోగం.
మంగళవారం పొద్దున మాత్రం
నేను వచ్చిందీ వెళ్లిందీ ఎవరికీ పట్టదు.

నీళ్ల మీద నాలుగు తలలు.
ఉన్ని టోపీల అంచున ఆవిరి గడ్డకట్టి,
అవతలి కొండకి నడుం దాకా మంచు.

థోర్కెల్ మొదలుపెడతాడు.
చేపల పడవలో నలభై ఏళ్లు వంట చేసినవాడు,
నోట్లో నువ్వుగింజ నానదు.
"రాత్రి కలలో తెల్లగుర్రాలు. లెక్కపెట్టాను, పదకొండు.
పదకొండు మంచుతుపాన్లు, రాసుకోండి.
పైగా కొత్త చంద్రుడు ఈశాన్యాన పుట్టాడు."

ఎర్లింగుర్‌కి ఇరవై ఆరు. గుర్రాల్ని నమ్మడు.
"ధ్రువం మీద, ముప్పై కిలోమీటర్ల ఎత్తున
గాలి బొంగరంలా తిరుగుతోంది.
బొంగరం తూలితేనే చలి మన మీద పడేది.
ఇప్పటికైతే నిటారుగానే ఉంది."

"మరి దక్షిణాన నేల చీలింది కదా?
మూడు వారాలుగా కక్కుతోంది కదా?"

"ఎంత కక్కిందని కాదు, ఎంత ఎత్తుకి లేచిందని.
కింద తిరిగే గంధకాన్ని వాన కడిగేస్తుంది.
పై అంతస్తు ఎక్కితేనే
అది సూర్యుడికి గొడుగు పడుతుంది."

హల్‌బేరాకి ఎనభై నాలుగు.
చర్చిలో ఆర్గన్ వాయించిన వేళ్లు
నీళ్లలో ఇప్పటికీ ఏదో వాయిస్తుంటాయి.
"పదిహేడువందల ఎనభై మూడులో
పొగ పొలాల మీదే పాకింది, ఎర్లింగుర్.
గొడుగు సంగతి నాకు తెలీదు.
ఆ గడ్డి తిన్న గొర్రెలకి
పళ్లు వంకర్లు పోయి నోళ్లు మూతపడలేదట.
మా పాత ఇంటి పేరు పక్కన
పాస్టరు ఆ ఏటి లెక్క రాశాడు: మనుషులు తొమ్మిది.
తర్వాతి ఏడు: మూడు.
మధ్యలో ఇంకేం రాయలేదు."

అప్పుడు పంపు చప్పుడు వినబడింది.
ఆ నీళ్లు కాచేదీ నేల కింది నిప్పే.
ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇంతసేపూ గడ్డం దాకా మునిగి కూర్చున్న
ఆస్‌గ్రిముర్ అడిగాడు:
"ఎన్నింటిని ఉంచుకోమంటారు?"

గొర్రెలు రెండువందల నలభై.
తడిసిన వేసవిలో చేతికొచ్చిన గడ్డిమోపులు రెండువందల ముప్పై.
శుక్రవారం కబేళా లారీ.

"నిరుడు మీ మాట విని నలభై ఎక్కువ పంపాను.
ఫిబ్రవరిలో కాలవ గట్టున నాచు పచ్చబడింది.
మిమ్మల్ని ఏమన్నా అన్నానా?"

అనలేదు. అదే బాధ.

"మామూలు చలికాలమే," అన్నాడు ఎర్లింగుర్,
"అరవై శాతం."
"మిగతా నలభై శాతానికి మేత ఎవడు వేస్తాడు?"

కుర్రాడు ముఖం కడుక్కున్నాడు, అప్పటికే తడిసిన ముఖం.
థోర్కెల్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని,
చాలాసేపటికి,
"పదకొండు కాదేమో. చీకటి కదా,
ఒకే గుర్రం రెండుసార్లు వచ్చి ఉండొచ్చు," అన్నాడు.
హల్‌బేరా నవ్వలేదు.
వేళ్లు ఆడటం ఆగింది.

ఆస్‌గ్రిముర్ నా వైపు తిరిగాడు,
పన్నెండేళ్లలో మొదటిసారి.
"నువ్వేమంటావు?"

నా చేతిలో ఉన్న అంకె ఒకటే.
"ముప్పై తొమ్మిది," అన్నాను.
అందరూ నవ్వారు, అతను కూడా,
నీళ్లు అంచు దాటి నా బూట్లలోకి వచ్చేదాకా.

శుక్రవారం తెల్లారకముందే
లారీ మా గేటు ముందు నుంచి పోయింది.
పలకల సందుల్లోంచి లెక్కపెట్టాలని పరుగెత్తాను.
కళ్లద్దాల నిండా ఆవిరి.
తుడుచుకునేసరికి మలుపు తిరిగింది.
గుంతలో పడ్డప్పుడు చేసిన చప్పుడు వింటే
సగం ఖాళీ అనిపించింది.
నాకలా అనిపించిందంతే.