పాసు చీటీ

బళ్లారి చౌరస్తా కాడ
పొగ చూసే వ్యాను ఆయప్ప
నా ఆటో వెనక గొట్టంలోకి ఇంకో గొట్టం దూర్చి
అరనిమిషంలో చీటీ చేతిలో పెట్టె:
పాసు.

అదే వారం పెద్దాసుపత్రిలో
నా నోట్లో గొట్టం పెట్టిరి.
ఊదప్పా, ఇంకా ఊదు, ఇంకా, ఇంకా
అని నర్సమ్మ పసిపిల్లోనికి నేర్పినట్టు చెప్పె.
ఊదితి.
కంప్యూటర్లో గీత
మిట్ట ఎక్కలేని లోడు బండి మాదిరి
సగానికే దిగబడె.

సిగరెట్టా?
లేదమ్మా.
బీడీ?
మా ఇంట్లో ఎవరూ ముట్టరు.
మరి?
ఇరవై రెండేండ్లు, రాజ్‌విహార్ సిగ్నల్, అంటి.
రాసుకోలే. ఆ కాగితంలో దానికి గడి లేదంట.

మా నాయన దూదేకేటోడు.
పొద్దుగూకే యాళకు కనుబొమ్మలు తెల్లగా,
దగ్గితే తెల్లగా.
"ఈ నుసి నీకొద్దురా మౌలాలీ,
గాలాడే పని చూసుకో" అనె.
తలుపుల్లేని బండి కొంటి.
గాలే గాలి.

మా కాశింబీ నా చేతిరుమాలు ఉతికి
ఆ నీళ్లు నాకు కనపడకుండా పారబోస్తాది.
నేనూ చూడనట్టే ఉంటా.

ఇప్పుడు ఎర్రలైటు పడితే ఇంజను ఆపేస్తా.
ముందర ఆర్టీసీ బస్సు, పక్కన ఇసుక టిప్పరు,
ఎవరూ ఆపరు.
వెనక సీట్లో చంకన బిడ్డతో ఒకామె
"బండి చెడిపోయిందా అన్నా?" అంటాది.

బండికేం కాలేదమ్మా,
చీటీ ఉంది.
నువ్వా కొంగు
బిడ్డ మొగానికి అడ్డం పట్టుకో.