సూది సగానికి వచ్చేదాకా

నోటుపుస్తకంలో రాసుకుంటాను,
రక్తం గొట్టాల మీద పేర్లు రాసినంత శ్రద్ధగా:
బంకు, లీటర్లు, మీటరు రీడింగు.
పోయినేడు ఉగాదికి లీటరుకి పదహారు.
వానలొచ్చేసరికి పదమూడు.
మొన్న ఆదివారం భాగిస్తే
తొమ్మిదీ చిల్లర.
తప్పు లెక్కేమోనని మళ్ళీ భాగించాను.
తొమ్మిదీ చిల్లరే.

ల్యాబు వాళ్ళు కిలోమీటరుకి ఎనిమిది రూపాయలిస్తారు.
అంటే ఇప్పుడు
ఊళ్ళోవాళ్ళ షుగరు తెలుసుకోడానికి
నా చేతి డబ్బులు పోస్తున్నాను.

ఆటోనగర్. పదకొండు గంటలు.
లారీ బాడీల మీద సుత్తి దెబ్బలు, వెల్డింగు నీలి మెరుపు,
మీరావలి షెడ్డులో
నోరు తెరుచుకుని నా శాంట్రో.
"పందొమ్మిదేళ్ళ బండి ఎస్తేరక్కా,
ముసలోళ్ళకి ఆకలెక్కువ."
నేనొప్పుకోలేదు.
వయసు జబ్బు కాదని
రోజూ ఎవరికో ఒకరికి చెప్పే నోరు ఇది.

ముందు టైర్లు చూశాడు. గాలి పట్టాడు.
ఫిల్టరు తీసి నేలకేసి తడితే
బందరు రోడ్డు దుమ్మంతా రాలింది,
ఫ్లైఓవరు కట్టినప్పటి సిమెంటుతో సహా.
ప్లగ్గులు విప్పి అరచేతిలో పేర్చాడు:
నాలుగూ మసి,
పచ్చికట్టెల పొయ్యి మీద గిన్నె అడుగులా.
"తాగుతోంది, అరగట్లేదు."
ఆ మాట నాకర్థమైంది.
జాకీ పెట్టి చక్రాలు తిప్పాడు.
మూడు తిరిగాయి, ఒకటి మూలిగింది.
బ్రేకు పట్టేసింది.
"ఇదొక కిలోమీటరు తినుంటది."
మరి మిగతా ఆరు?

అప్పుడడిగాడు, నేను పేషెంట్లని అడిగినట్టే:
"బండి వేడెక్కుద్దా అక్కా?"
గర్వంగా చెప్పాను.
పోయిన వేసవిలో ఆ ఒక్కసారి తప్ప
రోహిణి కార్తెలో, బెజవాడ నడిబొడ్డున,
రోడ్డు తారు చెప్పులకంటుకునే ఎండలో కూడా
సూది కింది గీత దాటదు.
చల్లటి బండి. మంచి బండి.

అతను నవ్వలేదు.
గొట్టం విప్పి లోపలికి వేలు పెట్టాడు.
ఉండాల్సిన చోట ఏమీ లేదు.
చేగోడీ అంత ఉంటుందట ఆ వాల్వు,
ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని ఆపేది.
అది లేక దీనికి
ఎప్పుడూ తెల్లవారుజామే, ఎప్పుడూ చలే.
ఎండకి కాకులు సొమ్మసిల్లే ఊళ్ళో
ఒక్కతీ వణుకుతూ
ఇంకాస్త పొయ్యి, ఇంకాస్త పొయ్యి అని
అడుగుతూనే ఉంది.

"ఎవడు తీశాడ్రా దీన్ని!" అని అరిచాడు.
అరిచిన నోరు మూయకుండానే వెళ్ళి
అలమర మీది హార్లిక్స్ సీసా దించాడు.
పాత నట్లు, విరిగిన క్లిప్పులు,
వాటి మధ్య అది.

పోయిన వేసవి. వారధి మీద బండి పొగలు కక్కితే
ఐసుపెట్టెలో ముప్పై ఒక్కమంది రక్తం పెట్టుకుని
నేను ఏడుస్తూ ఫోను చేసింది ఇతనికే.
"ఎట్టాగోట్టా కదిలించు తమ్ముడూ" అన్నదీ నేనే.
"మళ్ళీ పెడదామనుకున్నా" అన్నాడు, సీసాతో.
"నేనూ అడగలేదు" అన్నాను, బండితో.

కొత్తది ఆరువందల యాభై.
మజూరీ వద్దన్నాడు. ఇచ్చాను. సగం తీసుకున్నాడు.

మర్నాడు అయిదుంబావు.
కృష్ణలంకలో పరగడుపున కూర్చున్న పెద్దాయన కోసం
బయల్దేరితే
సూది లేచింది.
భయమేసింది, అలవాటు తప్పిన ఎత్తు కదా.
బెంజి సర్కిల్ దగ్గర సగానికొచ్చి
నిలబడింది.
గుచ్చేముందు అందరికీ చెప్పే మాట
నాకు నేనే చెప్పుకుంటున్నానప్పటికి:
ఏం కాదు, చీమ కుట్టినట్టుంటది.

వారం తర్వాత లెక్క: పద్నాలుగు పాయింటు రెండు.
పదహారేదీ అని ఫోను చేశాను.
"అది బండిది కాదక్కా, నీ కాలిది.
పాపం వాళ్ళు తినకుండా కూర్చున్నారని
తొక్కుతావు చూడు, అదీ."

పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంచబుద్ధి కాలేదు.
కాలు, అని రాసి
తాళాలు తీసుకున్నాను.