సుద్దగీతల ఇల్లు

హాలిఫాక్స్‌లో, కారు బయటికి తీసి
గ్యారేజీ నేల మీద
డెక్లన్ సుద్దతో ఇల్లు గీస్తున్నాడు.
సస్కటూన్‌లో క్యాంపస్ వాళ్లు ఇస్తామన్న క్వార్టరు.
రెండు గదులు, అసలు కొలతల్లోనే.
నా పీహెచ్‌డీ ఐదేళ్లూ
ఈ గీతల మధ్యే ఒదగాలి.

ఊరి చివర పెరడున్న ఇల్లు ఇంకా చవక.
కానీ బస్సు గంటకొకటి.
మైనస్ ముప్ఫైలో ఆ గంట ఎంత పొడుగో
అక్కడ చదివిన ఇంగ్రిడ్ చెప్పింది.
క్వార్టర్లోనేమో గోడలు పలచన,
పక్కింటి పసివాడి దగ్గు కూడా
అద్దెలో కలిసే వస్తుందట.
శుక్రవారంలోగా జవాబివ్వాలి.

వాళ్లమ్మ పియానోని టేపుతో కొలిచాడు.
గీత దాటి జానెడు బయటికొచ్చింది.
"జానెడేగా" అన్నాడు.
మళ్లీ కొలిచాడు.
నేనేమీ అనలేదు.
అతని ఉద్యోగం ఎప్పుడో
గీత అవతల ఉండిపోయింది.

నాలుగేళ్ల ఓడెట్ మాత్రం
గోడల్లోంచి నడవదు.
చుట్టూ తిరిగొచ్చి, లేని తలుపు తీసి,
లోపలికెళ్లి వేసేసుకుంది.
మేం తట్టేదాకా ఆగి
"బూట్లు విప్పి రండి" అంది.

విప్పాం.
సిమెంటు చల్లగా తగిలింది.