పదకొండో కేసు

హత్యకేసుల పుస్తకాలు
నేను అన్నం తింటూ చదువుతాను.
ఎడమచేత్తో పుస్తకం, కుడిచేత్తో ముద్ద.
"కూటి దగ్గిర శవాలేటి" అని మా ఆవిడ
పచ్చడి జాడీ కాస్త గట్టిగానే పెడుతుంది.

ముప్పయ్యొక్క ఏళ్ళు పర్లాకిమిడి కోర్టులో
తెలుగు సాక్షుల్ని ఒడియాలోకి దింపినవాణ్ణి,
ఇంకేం చదవమంటారు?
ముందు చివరి పేజీ చూస్తాను, శిక్ష ఎంతో.
తర్వాత తీరిగ్గా మొదటికొచ్చి
కత్తి ఏ గాదె కింద దొరికిందో,
గడియ లోపల్నించి పెట్టి ఉందో బయట్నించో చూసి
మజ్జిగ పోసుకుంటాను.

ఇది నిన్న పలాస స్టేషన్లో కొన్నది.
పదకొండో కేసు మా ఊరిది.

మొదట సంబరపడ్డాను, దాచనేల.
అచ్చులో మన వీధి కనబడితే ఎవరికైనా అంతే.
రాసినాయన ఇటు వచ్చినట్టు లేడు:
మహేంద్రతనయని "ఒక కాలువ" అన్నాడు,
కొమ్ముబొమ్మలు చెక్కే గవరయ్యని "నిరుద్యోగి" అన్నాడు,
దాలమ్మ చేతుల గురించి మటుకు ఏడు వాక్యాలు.
"ఆ నల్లని చేతులు! ఎంత కడిగినా వదలని నలుపు!"
జీడిపిక్కలు కొట్టే చేతులు, నాయనా.
మా వీధిలో సగంమంది ఆడవాళ్ళవి అవే చేతులు.
సొన కొరికేసిన ఆ వేళ్ళకి
ముద్ర సరిగా పడక
మా గుమస్తా మూడు కాగితాలు పాడుచేశాడు.

పేజీ తిప్పాను.
అక్కడుంది, డబ్బా కట్టి, పెద్దక్షరాల్లో:
"నా చేత్తోనే చచ్చాడు" అని ఆమె ఒప్పుకుంది.

ముద్ద ఆగింది.

ఆ రోజు ఫ్యాను ఒక రెక్క వదులై టకటకమంటోంది.
బోనులో దాలమ్మ, కొంగు నోటికి అడ్డం.
ఆఖరికి ఏమయిందమ్మా అంటే
"నా సేతుల్లోనే పోనాడు బాబూ" అంది.
రెండు చేతులూ ముందుకు చాపి చూపించింది,
ఉయ్యాల్లోంచి పిల్లని తీసుకుంటున్నట్టు.
నేను జడ్జిగారి వైపు తిరిగి
"మో హాతరే మలా" అన్నాను.

తప్పు కాదు.
ఎవర్నయినా అడగండి. ఒడియాలో
చేతిలో అన్నా హాతరే, చేత్తో అన్నా హాతరే.
ఒక్క "రే".
తల ఒళ్ళో పెట్టుకున్న చెయ్యీ అందులో పడుతుంది,
పీక నులిమిన చెయ్యీ పడుతుంది.
చేతులు చాపి చూపించిన తీరుకి
టైపుమిషన్లో అక్షరం లేదు.
ఇంకో ముక్క కలుపుదామనుకునేలోపు
జడ్జిగారు "తర్వాత" అన్నారు.
భోజనాల వేళ కూడా అయింది.

ఒడియాలోంచి ఇంగ్లీషులోకి, కటకం హైకోర్టుకి,
అక్కణ్ణించి పత్రికకి, పుస్తకానికి, మళ్ళీ తెలుగులోకి.
ఇరవై రెండేళ్ళు ఊళ్ళు తిరిగి
ఆ మాట నా కంచం పక్కకొచ్చి కూచుంది.
అదే నన్ను ముందు పోల్చుకుంది.

ఆమె చంపలేదని నేననను. నాకు తెలీదు.
తాడు ఉంది, పక్కింటివాళ్ళ సాక్ష్యం ఉంది,
ఒక్క "రే" మీద ఎవరూ యావజ్జీవం వెయ్యరని
వకీలు పాణిగ్రాహి అప్పుడే చెప్పాడు.
నేను అడిగితేనే చెప్పాడు.
ఎందుకడుగుతున్నావని
ఆయన అడగలేదు.

బరంపురం జైలుకి తీసుకెళ్ళారు. తర్వాత తెలీదు.
పుస్తకానికీ తెలీదు.
పన్నెండో కేసు ఎక్కడిదో, విషం కేసు,
అప్పుడే ఎదటి పేజీలో మొదలైపోయింది.

పెన్సిలు తెమ్మన్నాను,
కాలువ కొట్టేసి మహేంద్రతనయ అని రాద్దామని.
అదొక్కటైనా.
మా ఆవిడ తెచ్చి పుస్తకం మీద పెట్టింది.
కుడిచెయ్యి ఎంగిలి.
మెతుకులు వేళ్ళమీదే ఎండి బిగుసుకుంటున్నాయి.
కడుక్కోడానికి లేవాలి.
ఇంకా లేవలేదు.