ఏడో ఎముక

బఫెలోలో డిసెంబరు.
స్టేడియం బయట, పార్కింగు మంచులో
మా బావ థడ్డియస్ నూనె మూకుడు పొయ్యెక్కించాడు.
వెన్నా కారం కలిసిన ఆవిరికి
ఆట మొదలవకముందే
నా కళ్ళద్దాలు ఓడిపోయాయి.

"ఆరు," అంది లొరెయిన్, పళ్ళెం చేతికిస్తూ.
రక్తపరీక్ష కాగితం ఆమె కోటు జేబులోనే ఉంటుంది,
టికెట్లతో పాటు.

ఒకప్పుడు కోడి రెక్కలు లెక్కపెట్టిందెవరు?
మొదటి విజిల్‌కే బకెట్ ఖాళీ.
రెండో సగమంతా కునుకు.
ఎవరు గెలిచారో
మర్నాడు పేపర్లో చూసుకునేవాణ్ణి.

ఇప్పుడు ఒక్కో రెక్కా
ఎముక తెల్లబడేదాకా.
నలభై ఏళ్ళు పక్కకి నెట్టేసిన సెలెరీ కాడ
కరకరమంది.
ఓహో, నీ గొంతు ఇదా!
బీరు ఒక్కటే, మంచులో గుచ్చి పెట్టుకున్నా.
గుక్కకీ గుక్కకీ మధ్య
ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు.

మావాళ్ళు ఓడారు. అది మామూలే.
పైవరస దాకా మెట్లు ఆగకుండా ఎక్కాను.
అది మామూలు కాదు.

తిరిగొచ్చేసరికి థడ్డియస్
రెఫరీలా నడుం వంచి
గడ్డకట్టిన నా పళ్ళెంలో
ఎముకలు లెక్కపెడుతున్నాడు.
"ఏడు!"

లొరెయిన్ నా వంక చూసింది.
నేను మంచు వంక చూశాను.